రేడియో అడిగిన ప్రశ్న, ఊరంతా విన్న జవాబు

రేడియోలో ఒక ప్రశ్న అడిగి, శ్రోతలు ఫోన్‌లో పంపిన జవాబులను లెక్కగట్టి అందరికీ వినిపించడాన్ని రేడియో పోల్ అంటారు. ఉగాండాలో దానికి ఎందుకంత ప్రాధాన్యం వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. తూర్పు ఆఫ్రికాలోని ఆ దేశంలో 1993 దాకా రేడియో అంటే ప్రభుత్వ రేడియో ఒక్కటే. ఆ ఏడాది చివర్లో రాజధాని కంపాలాలో సన్యు, క్యాపిటల్ అనే రెండు ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు మొదలయ్యాయి. ఉగాండాలోనే ఒక భాగమైన సంప్రదాయ రాజ్యం బుగాండాకు చెందిన సీబీఎస్ రేడియో 1996లో వచ్చింది. తర్వాతి పదేళ్లలో జిల్లాల్లోనూ స్టేషన్లు వెలిశాయి. లుగాండా, లువో, అటెసో, రున్యాంకోలె, ఇలా ఎవరి భాషలో వాళ్లకు రేడియో దొరికింది. పాటలు, వార్తలు, ఊళ్లో ఎవరైనా పోతే ఆ కబురు, పంట ధరలు, అన్నీ రేడియోలోనే. వాటితో పాటు జనానికి ఇంకో అలవాటు కూడా అయింది. స్టూడియోకి ఫోన్ చేసి, తమ మాట నలుగురూ వినేలా చెప్పడం.

2000 ప్రాంతంలో ఈ అలవాటు స్టూడియో గోడలు దాటింది. రేడియో వన్ వాళ్లు కంపాలాలోని క్లబ్ ఒబ్లిగాటోలో మైకు పెట్టి, వచ్చినవాళ్లు వంతులవారీగా దేశ రాజకీయాల మీద మాట్లాడుతుంటే దాన్ని లైవ్‌లో వినిపించారు. ఇలాంటి బహిరంగ చర్చలకు ఎబిమీజా అని పేరు పడింది. మిగతా స్టేషన్లూ ఇదే దారి పట్టాయి. రాజకీయ నాయకులు మాట్లాడిన మైకు ముందే విద్యార్థులూ చిరు వ్యాపారులూ నిలబడి మాట్లాడారు.

ప్రభుత్వానికి ఇది నచ్చలేదు. 2005 జులై చివర్లో సూడాన్ నాయకుడు జాన్ గరాంగ్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. ఆగస్టులో ఆ విషయం మీద కేఎఫ్‌ఎం స్టేషన్‌లో చర్చ నడిపిన జర్నలిస్టు ఆండ్రూ మ్వెండాను రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. స్టేషన్‌ను కొన్నాళ్లు మూయించారు. ఆ రాజద్రోహం సెక్షన్ చెల్లదని ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం చెప్పడానికి 2010 దాకా పట్టింది. ఈలోగా 2009 సెప్టెంబరులో కయుంగా జిల్లాలో బుగాండా రాజు పర్యటనను ప్రభుత్వం అడ్డుకోవడంతో అల్లర్లు చెలరేగి ఇరవై మందికి పైగా చనిపోయారు. సీబీఎస్‌తో సహా నాలుగు స్టేషన్లు మూతపడ్డాయి. ఎబిమీజాలను నిషేధించారు. సీబీఎస్ మళ్లీ వినిపించేసరికి ఏడాది దాటిపోయింది.

మైకు ముందు నిలబడి మాట్లాడటం ఇంత ప్రమాదం అయిన చోట, జనం మాట వినిపించడానికి ఇంకో మార్గం కావాలి. రేడియో పోల్‌కు ఉగాండాలో ఇంత ప్రాధాన్యం రావడాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. 2010 తర్వాత ట్రాక్ ఎఫ్‌ఎం అనే సంస్థ వివిధ ప్రాంతాల స్టేషన్లతో కలిసి ఈ పనిని పద్ధతిగా చేయడం మొదలుపెట్టింది. పేరులో ఎఫ్‌ఎం అని ఉన్నా ఇది రేడియో స్టేషన్ కాదు. స్టేషన్లకు పోల్ నడిపే సాఫ్ట్‌వేర్‌నూ శిక్షణనూ ఇచ్చే సంస్థ.

పద్ధతి చాలా సులువు. చర్చా కార్యక్రమం మొదట్లో యాంకర్ ఒక ప్రశ్న అడుగుతారు. జవాబుగా పంపాల్సిన మాటలేమిటో, ఏ నంబరుకు పంపాలో రెండు మూడు సార్లు చెబుతారు. శ్రోత తన మామూలు బటన్ల ఫోన్ నుంచే ఒక మెసేజ్ పంపుతాడు. ఇంటర్నెట్ అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. మెసేజ్‌లు కంప్యూటర్‌కు చేరి, లెక్క తేలి, యాంకర్ ముందున్న స్క్రీన్ మీద బొమ్మల రూపంలో కనిపిస్తాయి. ఎంతమంది ఏమన్నారో యాంకర్ అప్పటికప్పుడు చదివి వినిపిస్తారు. స్టూడియోలో కూర్చున్న అధికారినో నాయకుడినో 'మరి దీనికేమంటారు?' అని అడుగుతారు. చర్చ అక్కణ్నుంచి నడుస్తుంది.

దీని బలం ఎక్కడుందో అర్థం కావాలంటే మామూలు ఫోన్-ఇన్ కార్యక్రమంతో పోల్చి చూడాలి. గంట కార్యక్రమంలో లైన్ దొరికేది పది పదిహేను మందికి. వాళ్లలోనూ ప్రతివారం అవే గొంతులు. ఘనాలో ఇలా పదేపదే ఫోన్ చేసేవాళ్లకు సీరియల్ కాలర్లు అనే పేరే ఉంది. పార్టీలు వాళ్లను పోషిస్తాయన్నది అక్కడ బహిరంగ రహస్యం. కెన్యాలోనూ జాంబియాలోనూ ఇలాంటి కార్యక్రమాల మీద కేంబ్రిడ్జ్ పరిశోధకులు అధ్యయనం చేశారు. అక్కడా అలవాటుగా ఫోన్ చేసేవాళ్ల గొంతులే ముందు వినిపించాయి. మాటకారితనం ఉన్నవాళ్లకూ, ఖాళీ ఉన్నవాళ్లకూ, ధైర్యం ఉన్నవాళ్లకూ ఫోన్-ఇన్ అనుకూలం. పోల్‌లో మాత్రం ఒక నంబరుకు ఒకటే లెక్క. పదిసార్లు పంపినా ఒకటే. నోరు విప్పడానికి జంకే మనిషి మాటా, మైకు వదలని మనిషి మాటా అక్కడ సమానం.

ఈ శాతాలు ఎవరివి?

పోల్ నడిపేవాళ్లు ఎక్కువగా తడబడేది అంకెల దగ్గర. మెసేజ్ పంపిన వెయ్యి మందిలో ఏడు వందల మంది 'ఆసుపత్రిలో మందులు లేవు' అన్నారనుకుందాం. దాన్ని 'మన జిల్లాలో 70 శాతం మందికి మందులు దొరకడం లేదు' అని చదివితే అది తప్పు. ఆ వెయ్యి మందిని ఎవరూ ఎంచి తీసుకోలేదు. వాళ్లంతట వాళ్లు వచ్చారు. ఆ వేళకు రేడియో పెట్టుకున్నవాళ్లు, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు, చదవడం రాయడం కొంతైనా వచ్చినవాళ్లు, ఆ విషయం మీద మనసులో మంట ఉన్నవాళ్లు. మందులు దొరికి ఇంటికి వెళ్లినవాడికి మెసేజ్ పంపాలని అనిపించకపోవచ్చు.

కాబట్టి రేడియో పోల్‌ను సర్వే అనుకుంటే అది ఓడిపోతుంది. అధికారి కూడా మొదట పట్టుకునేది ఇక్కడే. 'మీ శ్రోతలు జిల్లా అంతా కాదుగా' అంటాడు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. 'ఈ రోజు మనకు మెసేజ్ పంపిన వెయ్యి మందిలో ఏడు వందల మంది ఇలా అన్నారు' అని చదివితే అదే అధికారికి తప్పించుకునే దారి ఉండదు. ఏడు వందల మంది పౌరులు ఒక మాట అన్నారు. జిల్లా మొత్తానికి వాళ్లు ప్రతినిధులా కాదా అన్నది వేరే సంగతి, వాళ్లకు జవాబు చెప్పడం మాత్రం అతని బాధ్యత. ఇంత చిన్న తేడా యాంకర్లకు నేర్పడానికి కావలసింది ఒక పూట శిక్షణే. అయినా చాలా చోట్ల ఈ పని జరగదు, ఎందుకంటే శాతం చెబితే గట్టిగా వినిపిస్తుంది.

పోల్ అసలు విలువ ఇంకో చోట ఉంది. ఒక ఊళ్లో బడి పంతులు సరిగా రాడు. ప్రతి ఇంట్లోనూ ఆ సంగతి తెలుసు. పొయ్యి దగ్గర చెప్పుకుంటారు, బోరింగు దగ్గర చెప్పుకుంటారు. కానీ అందరికీ తెలుసన్న సంగతి అందరికీ తెలియదు. ఎవరికి వారు తమ ఊరి ఖర్మ ఇంతే అనుకుంటారు. రేడియోలో ఆ లెక్క చదివిన క్షణం నుంచి పరిస్థితి మారుతుంది. పక్క ఊళ్లోనూ ఇదే బాధ అని తెలుస్తుంది. పక్క ఊరికి తెలిసిందన్న సంగతీ తెలుస్తుంది. పంతులుకూ తెలుస్తుంది, విద్యాధికారికీ తెలుస్తుంది. ఎవరి ఫిర్యాదు వాళ్ల దగ్గరే మగ్గిపోకుండా పదిమందిదీ అవుతుంది. భావ ప్రకటన స్వేచ్ఛ గురించి రాజ్యాంగాల్లో ఎంత గొప్పగా రాసుకున్నా (ఉగాండా 1995 రాజ్యాంగం 29వ అధికరణం కూడా బాగానే రాసింది) మామూలు మనిషికి అది అనుభవంలోకి వచ్చేది ఇలాంటి చోటే.

ప్రశ్న ఎలా అడగాలి

పోల్ బతికేదీ చచ్చేదీ ప్రశ్న దగ్గరే. 'ప్రభుత్వం బాగా పనిచేస్తోందా? అవునా, కాదా?' అని అడిగితే వచ్చేది పార్టీల బలాబలాల లెక్క. అధికార పార్టీ మనుషులు అవును అంటారు, ప్రతిపక్షం వాళ్లు కాదంటారు, మధ్యలో ఉన్నవాడు భయపడి ఊరుకుంటాడు. ఆ జవాబుతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఉగాండాలో 1997 నుంచి ప్రాథమిక విద్య ఉచితం. 2001 నుంచి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఫీజులు లేవు. కాగితం మీద ప్రభుత్వ విధానం ఇది. ఇప్పుడు ప్రశ్నను ఇలా అడిగి చూడండి: 'ఈ టర్మ్‌లో మీ పిల్లల బడికి డబ్బు కట్టారా? కడితే దేనికి కట్టారు? భోజనానికా, యూనిఫాంకా, పరీక్షకా, భవనానికా, ఇంకేదైనానా?' లేదా: 'పోయినసారి ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు మందులు అక్కడే ఇచ్చారా, బయట కొనుక్కోమన్నారా?' ఇక్కడ శ్రోతను ఎవరి పక్షమని అడగడం లేదు. తనకు జరిగింది చెప్పమంటున్నారు. అధికార పార్టీకి ఓటేసినవాడు కూడా మందులు బయట కొన్నానని నిస్సంకోచంగా చెబుతాడు. వచ్చిన జవాబును 'రాజకీయం' అని కొట్టిపారేయడమూ కష్టం. అనుభవాన్ని అడిగే ప్రశ్న భయాన్ని తగ్గిస్తుంది, జవాబుదారీని పెంచుతుంది. రెండూ ఒకేసారి జరగడం అరుదు.

జవాబుల జాబితాలో ఏముందో కూడా చూడాలి. అందులో లేని జవాబు జనం మనసులో ఉంటే అది ఎప్పటికీ బయటికి రాదు. 'రోడ్డు ఎందుకు బాగుపడలేదు? నిధులు లేకా, వానల వల్లా, కాంట్రాక్టరు వల్లా?' అని అడిగితే, 'డబ్బు మధ్యలో తినేశారు' అనుకునేవాడు ఏం పంపాలి? అందుకే 'ఇంకేదైనా కారణమైతే రాయండి' అన్న దారి తెరిచి ఉంచడం తప్పనిసరి. జనం ఎలాగూ చెప్పిన మాట ఒక్కటే పంపి ఊరుకోరు. 'బి' అని పంపమంటే నాలుగు వాక్యాలు రాస్తారు. అక్షరాలు తప్పులు పోతాయి, రెండు భాషలు కలిసిపోతాయి, యాంకర్‌కు నమస్కారాలు ఉంటాయి, పొరుగూరి చుట్టానికి కబురు కూడా ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఇది చెత్త. వినే మనసున్నవాడికి ఇదే అసలు సరుకు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టి, కెన్యాలోనూ సోమాలియాలోనూ పనిచేసిన ఆఫ్రికాస్ వాయిసెస్ ఫౌండేషన్ అనే సంస్థ ఈ దారినే ఎంచుకుంది. అవును-కాదు తరహాకు బదులు రేడియోలో విప్పారిన ప్రశ్న, అంటే శ్రోత తన సొంత మాటల్లో జవాబు చెప్పే ప్రశ్న, అడుగుతారు. స్థానిక భాషలో వచ్చిన మెసేజ్‌లను ఆ భాష తెలిసిన మనుషులు చదివి విషయాలవారీగా విడదీస్తారు. తర్వాతి ఎపిసోడ్‌లో ఆ మాటలనే చర్చకు పెడతారు. సోమాలియా రాజధాని మొగదిషులో వలస వచ్చి శిబిరాల్లో ఉంటున్నవాళ్ల సమస్యల మీద నగర పాలన యంత్రాంగంతో కలిసి ఇలాంటి కార్యక్రమాలు నడిపారు. శ్రమ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఫలితం అప్పటికప్పుడు స్క్రీన్ మీద కనపడదు. అయినా జనం ఏమనుకుంటున్నారో నిజంగా తెలుసుకోవాలంటే ఈ శ్రమ తప్పదు. రెండు పద్ధతులకూ చోటుంది. లైవ్‌లో వేడి పుట్టించడానికి పోల్, లోతు తెలియడానికి విప్పారిన ప్రశ్న.

నంబరు వెనకున్న మనిషి

2011 ఫిబ్రవరి ఎన్నికల ముందు ఉగాండా కమ్యూనికేషన్స్ కమిషన్ టెలికాం కంపెనీలకు ఒక జాబితా పంపింది. 18 మాటలు. అవి ఉన్న మెసేజ్‌లను ఆపాలని ఆదేశం. ట్యునీషియా, ఈజిప్ట్, ముబారక్, నియంత, టియర్ గ్యాస్, జనశక్తి లాంటివి అందులో ఉన్నాయి. అరబ్ దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చిన వారాలవి. తర్వాత 2012 నుంచి ప్రతి సిమ్‌నూ యజమాని పేరుతో రిజిస్టర్ చేయడం మొదలైంది. అంటే ఇప్పుడు ప్రతి మెసేజ్ వెనుకా ఒక పేరు, ఒక ఫొటో, ఒక అడ్రసు ఉన్నాయి.

రేడియో పోల్ గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. గొంతు వినపడదు, పేరు చదవరు కాబట్టి శ్రోత తనను ఎవరూ గుర్తుపట్టరనే అనుకుంటాడు. అతని నంబరు మాత్రం కంపెనీ దగ్గరుంది, పోల్ నడిపిన సంస్థ సర్వర్లో ఉంది, అజాగ్రత్తగా ఉంటే స్టూడియోలో ప్రింట్ తీసిన కాగితం మీదా ఉంది. జాగ్రత్తగా పనిచేసే సంస్థ నంబర్లను రాగానే కోడ్‌గా మార్చేస్తుంది. యాంకర్ స్క్రీన్ మీద నంబరు కనపడనివ్వదు. పని అయ్యాక అసలు నంబర్లను ఉంచుకోదు. ఇవేవీ ఖరీదైన పనులు కావు. కానీ వీటిని మొదటి రోజే ఏర్పాటు చేయాలి. అధికారి వచ్చి జాబితా అడిగిన రోజున ఇవ్వడానికి ఏమీ లేకపోవడమే శ్రోతకు దొరికే గట్టి రక్షణ. టెలికాం కంపెనీ దగ్గర ఉండే రికార్డును మాత్రం ఏ స్టేషనూ చెరపలేదు. అందుకే కొన్ని ప్రశ్నలు కొన్ని కాలాల్లో అడగకపోవడమే మంచిది. జనంలో భయం ఉన్న దేశంలో, ఎన్నికల వారంలో 'మీరు ఎవరికి ఓటేస్తారు?' అని మెసేజ్ ద్వారా అడగడం శ్రోతను అపాయంలోకి నెట్టడమే.

దీనికి మరో వైపు కూడా ఉంది. చాలామంది శ్రోతలకు తమ పేరు రేడియోలో వినపడాలనే కోరిక. ఇది తెలుగు శ్రోతలకు చెప్పనక్కర్లేదు. వివిధభారతి జనరంజనిలో పాట కోరిన వారి పేర్లు చదువుతుంటే, తమ ఊరి పేరు వచ్చేదాకా రేడియో వదలని తరం ఇంకా ఉంది. ఉగాండాలోనూ అంతే. పేరు చదవాలా వద్దా అన్నది శ్రోతే చెప్పేలా ఉంటే గుర్తింపు కోరేవాళ్లకు గుర్తింపూ, చాటు కోరేవాళ్లకు చాటూ దొరుకుతాయి.

ఇక లైవ్ మైకును పూర్తిగా జనం చేతికి వదిలేస్తే ఏమవుతుందో ఆ ప్రాంతం అందరికన్నా బాగా ఎరుగును. పొరుగునున్న రువాండాలో 1993లో మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో 1994 జాతి హత్యాకాండలో మనుషుల పేర్లు చెప్పి మరీ చంపమని పురికొల్పింది. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత జరిగిన హింసలో స్థానిక భాషా రేడియోల ఫోన్-ఇన్ కార్యక్రమాల మీద ఆరోపణలు వచ్చాయి. కాస్ ఎఫ్‌ఎం యాంకర్ జాషువా సాంగ్ మీద అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో కేసు కూడా నడిచి, చాలినన్ని సాక్ష్యాలు లేక 2016లో ముగిసింది. మెసేజ్ పోల్ ఈ ప్రమాదాన్ని కొంత తగ్గిస్తుంది. ప్రసారానికి ముందు ఒకరు చదువుతారు కాబట్టి నోటికొచ్చింది నేరుగా గాల్లోకి వెళ్లదు. అయితే ఆ చదివే మనిషికే వడబోసే అధికారమూ దక్కుతుంది. ద్వేషాన్ని ఆపిన చేయే విమర్శనూ ఆపగలదు. ఏవి చదువుతారో, ఏవి చదవరో నియమాలు ముందే రేడియోలో చెప్పేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది

మెసేజ్‌కు డబ్బు ఖర్చయితే పేదవాడు పంపడు. ఇందులో వివరించడానికేమీ లేదు. శ్రోతకు పైసా ఖర్చు లేని నంబరు లేకపోతే అలాంటి పోల్ జనం మాట అని చెప్పుకోకూడదు. కెనడాలో 1979లో పుట్టిన ఫార్మ్ రేడియో ఇంటర్నేషనల్ ఆఫ్రికా రైతుల కోసం చేసిన పోల్స్‌లో మిస్డ్ కాల్‌ను వాడింది. అవును అనుకుంటే ఒక నంబరుకు, కాదనుకుంటే ఇంకో నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు. బ్యాలెన్స్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. మిస్డ్ కాల్ భాష మనకూ బాగా తెలిసిందే.

ఆడవాళ్ల సంగతి ఇంత తేలిగ్గా తెమలదు. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే అది మగవాడి జేబులో ఉంటుంది. రేడియో కూడా అతను ఏది పెడితే అదే. సాయంత్రం ఏడు గంటల చర్చా కార్యక్రమం సరిగ్గా ఆడవాళ్లు వంటలో ఉండే వేళకు వస్తుంది. కాబట్టి పోల్‌లో ఆడవాళ్ల మెసేజ్‌లు తక్కువ వచ్చాయంటే వాళ్లకు అభిప్రాయం లేదని కాదు. కొన్ని చోట్ల ఆడవాళ్లకు మాత్రమే అని ప్రత్యేక నంబరు పెట్టారు. కొన్ని చోట్ల ఊళ్లో ఆడవాళ్లు కలిసి రేడియో వినే బృందాలను ఏర్పాటు చేసి, బృందానికి ఒక ఫోన్ ఇచ్చారు. ఇంకో చిన్న పని కూడా ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. ఫలితం చదివేటప్పుడు ఆడవాళ్ల జవాబులు విడిగా చదవడం. నీటి కుళాయి ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు మగవాళ్లు ఒకటీ, నీళ్లు మోసే ఆడవాళ్లు ఇంకొకటీ చెబితే, రెండూ కలిపి చదివిన శాతం ఎవరి మాటా కాకుండా పోతుంది.

ఇవన్నీ చేసినా పోల్ మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం ఇంకొకటి ఉంది. ఫలితం చదివారు, చర్చ అయింది, పాట వేశారు. వచ్చే వారం ఇంకో ప్రశ్న. పోయిన వారం ఏడు వందల మంది చెప్పిన మందుల సంగతి ఏమైందో ఎవరూ అడగరు. రెండు మూడు సార్లు ఇలా జరిగితే శ్రోత మెసేజ్ పంపడం మానేస్తాడు. మానేయడమే సబబు. నెల తర్వాత అదే ఆరోగ్య అధికారిని పిలిచి, అదే ప్రశ్న మళ్లీ అడిగి, అప్పటి లెక్కనూ ఇప్పటి లెక్కనూ పక్కపక్కన చదివే స్టేషన్‌కు ఉండే విలువే వేరు. వచ్చినవాళ్లు వేర్వేరు మనుషులైనా, ప్రశ్నను తాము మర్చిపోలేదని స్టేషన్ చెప్పినట్టవుతుంది.

జిల్లా స్టేషన్‌కు ఇది ఎంత కష్టమో కూడా ఒప్పుకోవాలి. ఉగాండాలో చాలా స్టేషన్ల యజమానులు రాజకీయ నాయకులో వాళ్ల దగ్గరివాళ్లో. ప్రతి జిల్లాలోనూ అధ్యక్షుడు నియమించిన రెసిడెంట్ డిస్ట్రిక్ట్ కమిషనర్ ఉంటారు. వాళ్లు స్టేషన్లకు ఫోన్ చేసి అతిథులను రానీయవద్దని, కార్యక్రమాలు ఆపమని ఒత్తిడి చేసిన ఘటనలను హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లోనే నమోదు చేసింది. డబ్బు సంగతీ ఉంది. పోల్స్‌కు అయ్యే ఖర్చు చాలాసార్లు విదేశీ సాయ సంస్థలు పెట్టుకుంటాయి. డబ్బు పెట్టినవాళ్లే ప్రశ్నను కూడా ఎంచుకుంటారు. ఆ ఏడాది నిధులు మలేరియాకు వస్తే పోల్స్ అన్నీ దోమతెరల మీదే. ఊరివాళ్లను ఆ ఏడాది కాల్చుకుతింటున్నది భూమి తగాదా అయినా సరే. కనీసం నెలకొక ప్రశ్న శ్రోతలే ఎంచుకునే ఏర్పాటు లేకపోతే, జనం గొంతు అని చెప్పుకునే కార్యక్రమంలో జనానికి దక్కేది జవాబు చెప్పే పని మాత్రమే.

ఇన్ని లోపాలున్న రేడియోను వదిలి సోషల్ మీడియాకు పోవచ్చు కదా అనడం తేలిక. కానీ అక్కడా దారి సులువు కాదు. 2018 జులైలో ఉగాండా ప్రభుత్వం సోషల్ మీడియా వాడకం మీద రోజుకు 200 షిల్లింగుల పన్ను వేసింది. 2021 జనవరి ఎన్నికలప్పుడు దేశమంతా ఇంటర్నెట్‌నే ఆపేసింది. ఆ రోజుల్లో పల్లెల్లో జనం చేతిలో మిగిలింది బ్యాటరీ రేడియోనే.

మన గాలి తరంగాలు

తెలుగువాళ్లకు ఫోన్ ద్వారా అభిప్రాయం చెప్పడం కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం పథకాల మీద ఐవీఆర్‌ఎస్ కాల్స్ (రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఫోన్లు) చేసి జనం సంతృప్తిని అడుగుతుంటుంది. తెలుగుదేశం పార్టీ అభ్యర్థుల ఎంపికకు కూడా ఈ కాల్స్‌ను వాడింది. బాగుంటే 1 నొక్కండి, బాగోకపోతే 2 నొక్కండి. పైకి చూస్తే రేడియో పోల్‌కూ దీనికీ తేడా లేదు. కానీ ఐవీఆర్‌ఎస్‌లో జవాబు పౌరుడి నుంచి నేరుగా అడిగినవాడి దగ్గరకే వెళుతుంది. పక్కింటివాడు ఏం నొక్కాడో, ఊళ్లో మొత్తం ఎంతమంది 2 నొక్కారో మనకు తెలియదు. ఆ లెక్క పాలకుడికి ఉపయోగం. రేడియో పోల్‌లో అదే లెక్క అందరి ముందూ చదువుతారు, పాలకుడి కన్నా ముందు పొరుగువాడు వింటాడు. పౌరుల భాగస్వామ్యం అన్న మాటకు అర్థం వచ్చేది ఈ రెండో దానిలోనే.

రేడియో, టీవీ ప్రసారాలను మోసే గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు ఇచ్చింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసినవారిలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకరు. అయినా మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించవచ్చు, అంతే. స్థానిక సంస్థలు తమ ప్రాంతం కోసం నడిపే చిన్న స్టేషన్లకు వర్తించే 2006 కమ్యూనిటీ రేడియో విధానం కూడా వార్తలను, రాజకీయాలను దూరం పెట్టింది. టీవీల్లో రోజంతా అరుచుకోవచ్చు, రేడియోలో మాత్రం సర్పంచిని ప్రశ్నించడానికి వెనకాడాలి. ఈ నిషేధానికి సరైన కారణం కనపడదు.

ఈ హద్దుల్లోనూ కొంత చోటు ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. విత్తనాలు, పంటలు, ఆరోగ్యం, పండగలు, ఇలా తమ ఊళ్ల సంగతులు తమ యాసలోనే చెప్పుకుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర రేడియో లైసెన్సు జోలికే పోలేదు. ఫోన్ చేసి గోండీలోనో హిందీలోనో సమస్య చెబితే, అది సరిచూసుకున్నాక మిగతావాళ్లూ ఫోన్‌లోనే వినవచ్చు. సంబంధిత అధికారి నంబరు కూడా అందులోనే చెబుతారు, విన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేయడం మొదలుపెడతారు. ఆదిలాబాద్ గోండులదీ అదే భాష.

వ్యవసాయం, ఆరోగ్యం, చదువు, స్థానిక సమస్యలు కమ్యూనిటీ రేడియో అసలు పనే అని విధానంలోనే ఉంది. నీటి సరఫరా, కరెంటు లాంటి పౌర సౌకర్యాల ప్రకటనలు వార్తల కిందికి రావని 2011 ఎఫ్‌ఎం విధానం కూడా చెప్పింది. అంటే 'ఈ వారం మీ ఇంటికి కుళాయి నీళ్లు ఎన్ని రోజులు వచ్చాయి?' అన్న ప్రశ్న అడగడానికి ఏ చట్టమూ మారనక్కర్లేదు. సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది జవాబులు. ఒక మిస్డ్ కాల్ నంబరు, తిరిగి ఫోన్ చేసి అంకె నొక్కించుకునే చిన్న ఏర్పాటు చాలు. ఊరివారీగా లెక్క చదివి, మిషన్ భగీరథ ఇంజనీరును స్టూడియోకి పిలవాలి. ఆయన వస్తే ఏ ఊరికి ఎందుకు రాలేదో ఊరి పేరు పెట్టి అడగవచ్చు. రాకపోతే, పిలిచామనీ రాలేదనీ చెప్పి, వచ్చే వారం అదే ప్రశ్న మళ్లీ అడగవచ్చు.